తాత్కాలిక ముద్రితముల సేకరణము: గుంటూరు, ప్రకాశం మండలములు

ఒక దినమునకో, ఒక ప్రదర్శనమునకో, ఒక వర్తక వ్యవహారమునకో పనికివచ్చునట్లు ముద్రింపబడి, ఆ పని తీరిన పిమ్మట పారవేయబడుట సహజమైన కాగితపు వస్తువులు తాత్కాలిక ముద్రితములు. నాటకపు నోటీసు, సినిమా పాటల పుస్తకము, గోడ పోస్టరు, ఎన్నికల కరపత్రము, శుభలేఖ, తపాలా కార్డు, గోడ క్యాలెండరు, విత్తనముల పొట్లము, అగ్గిపెట్టె లేబులు, చిత్రకళా ప్రదర్శన సూచిక మున్నగునవి ఈ వర్గమునకు చెందును. వీనిని ఎంచి, క్రమపరచి, వివరములు వ్రాసి, చెడకుండ కాపాడుట సేకరణము. ప్రత్తి, మిర్చి, పొగాకు పంటలకును, పద్యనాటకమునకును, సత్యాగ్రహోద్యమములకును నెలవైన 2022కు పూర్వపు గుంటూరు, ప్రకాశం మండలముల (జిల్లాల) మైదానమున ఇట్టి కాగితములు ఒక శతాబ్దికి మించిన కాలము విరివిగా వెలువడినవి. ఇందలి ప్రతి వస్తువును, దొరికిన చోటు, కాలము, ప్రయోజనము తెలిసినప్పుడే చరిత్రకు సాక్ష్యముగా నిలుచును; అవి తెలియనప్పుడు చూపరులకు వింతగా మాత్రమే మిగులును. అందుచేత ఈ వ్యాసమున రకముల వర్ణనముతో పాటు కాలనిర్ణయ పద్ధతికిని, వివరముల నమోదునకును ప్రాధాన్య మీయబడినది.

నిర్వచనము, పరిధి

ఇంగ్లండునందు ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించిన మారిస్ రికార్డ్స్, నిత్యజీవితమునకు సంబంధించిన చిన్నవియు, అల్పకాలికములునైన పత్రములుగా వీనిని నిర్వచించెను. ఈ నిర్వచనమున మూడు లక్షణములు ఇమిడియున్నవి. మొదటిది ప్రయోజనము: పత్రము ఏదో యొక పనికై పుట్టినది, పఠనార్థము దాచుకొనుటకై కాదు. రెండవది అల్పాయుష్యము: నాటకము ముగిసిన తెల్లవారి నోటీసునకు పనిలేదు. మూడవది సంఖ్యకును మిగులుబాటునకును గల వైరుధ్యము: వేలకొలది అచ్చయినను మిగిలినవి వ్రేళ్లమీద లెక్కింపదగియుండును, ఏలయన అందఱికిని దొరకు వస్తువును దాచవలెనను తలపు ఎవ్వరికిని కలుగదు.

గ్రంథములు, దినపత్రికలు, మాసపత్రికలు ఈ పరిధిలోనికి రావు. తపాలా బిళ్లల సేకరణము ప్రత్యేకశాస్త్రముగా వృద్ధిచెందినందున దానిని వేఱుగా పరిగణింతురు. తపాలా కార్డులు మాత్రము ఉభయత్ర చేరును. కేవలము చేతివ్రాతతోనున్న పత్రములు దస్తావేజుల క్రిందికి పోవును. అచ్చువేసిన రసీదులో చేతితో పూరించిన అంకెలున్నచో అది ఈ వర్గములోనిదే యగును.

చరిత్ర: ప్రపంచమున సేకరణోద్యమము

ఐరోపాలో ఇట్టి పత్రముల సేకరణము ప్రాచీనమైనను, ఇరువదవ శతాబ్దిలో గాని అది క్రమబద్ధము కాలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయాధికారి జాన్ జాన్సన్ కూడబెట్టిన సంచయము 1968లో బోడ్లియన్ గ్రంథాలయమునకు చేరినది. రికార్డ్స్ ప్రోత్సాహమున 1975లో లండనునందు ఎఫిమెరా (తాత్కాలిక ముద్రితముల) సొసైటీ ఏర్పడినది.

ఈ పత్రములకు కళారంగమున గౌరవము కల్పించినది పాప్ ఆర్ట్ ఉద్యమము. వ్యాపార ప్రకటనలు, డబ్బాలపై లేబుళ్లు, చిత్రకథల పుటలు మున్నగు నిత్యవ్యవహార చిత్రములనే కళావస్తువులుగా గ్రహించిన ఈ ఉద్యమము, 1956లో లండను వైట్‌చాపెల్ గ్యాలరీలో జరిగిన ‘దిస్ ఈజ్ టుమారో’ ప్రదర్శనముతో ప్రసిద్ధికెక్కెను. రిచర్డ్ హామిల్టన్ కత్తిరింపులతో కూర్చిన సుప్రసిద్ధ చిత్రము మొదట ఆ ప్రదర్శనపు కేటలాగునకును పోస్టరునకును ఉద్దేశింపబడినదే. 1963లో న్యూయార్కు నందలి లియో కాస్టెల్లి గ్యాలరీ ప్రదర్శనమునకు రాయ్ లిక్టెన్‌స్టయిన్ ‘క్రయింగ్ గర్ల్’ అను చిత్రమును ఆఫ్‌సెట్ పద్ధతిలో అచ్చువేయించి ఆహ్వానపత్రముగా తపాలాలో పంపెను. 1968లో స్టాక్‌హోమునందలి మోడర్నా మ్యూజియెట్‌లో జరిగిన ఆండీ వార్హోల్ ప్రదర్శనపు కేటలాగు సేకర్తలు విశేషముగా కోరు ప్రతులలో నొకటి. ఈ విధముగా ఆహ్వానపత్రము, పోస్టరు, కేటలాగు అనునవి ప్రదర్శనమునకు అనుబంధములుగా నుండుట మాని, తామే కళాఖండములైనవి.

భారతదేశమున ఈ ధోరణికి దగ్గఱగా నున్నవాడు బరోడా చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్. బజారు క్యాలెండర్ల దేవతాచిత్రములను, దుకాణపు బోర్డుల రీతిని తన చిత్రములలోనికి గ్రహించిన యీతడు, 1972 నాటి తన ప్రదర్శన కేటలాగును వ్యాపార ప్రకటనల పోకడలో తన ఛాయాచిత్రములతోనే రూపొందించెను. క్యాలెండరు, లేబులు మున్నగువానిని పరిశీలనార్హములుగా నెంచుటకు ఇట్టి ప్రయత్నములు ఈ దేశమున దారితీసినవి.

చరిత్ర: తెలుగు ముద్రణము, ఈ మండలములు

తెలుగు అక్షరములతో మొదటి పుస్తకములు 1746లో జర్మనీ దేశపు హాలె నగరమున బెంజమిన్ షుల్జ్ కృషిచే వెలువడినవి. పందొమ్మిదవ శతాబ్దిలో చెన్నపట్టణము తెలుగు ముద్రణమునకు కేంద్రమైనది. గుంటూరు ప్రాంతమున 1842లో లూథరన్ మిషను, ఒంగోలునందు అమెరికన్ బాప్టిస్టు మిషను స్థిరపడినందున మతబోధక కరపత్రములు, పాఠశాలా పత్రములు, చందాదారులకు పంపు చిత్రకార్డులు ముందుగా వ్యాప్తిలోనికి వచ్చినవి.

1904లో కృష్ణా మండలమునుండి గుంటూరు మండలము విడివడినది. కచేరీలు, న్యాయస్థానములు, కళాశాలలు, ప్రత్తి జిన్నింగు మిల్లులు పెరిగిన కొలదియు చిన్న అచ్చుకూటములకు పని పెరిగెను. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. ఇట్టి సభలకు ఆహ్వానములు, కార్యక్రమ పత్రములు, అధ్యక్షోపన్యాసముల చిన్న పొత్తములు అచ్చగుట ఆచారమయ్యెను. 1921లో పురపాలక సంఘమునకు ప్రతికూలముగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన చీరాల–పేరాల ఉద్యమము, 1921–22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున పెదనందిపాడు ఫిర్కాలో సాగిన పన్నుల నిరాకరణము, పల్నాటి పుల్లరి (పశువుల మేతపన్ను) సత్యాగ్రహము ఒకదాని వెంట నొకటి రాగా, కరపత్రము ప్రజాభిప్రాయమును పల్లెలకు చేర్చు ముఖ్యసాధనమైనది. 1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు స్థాపితమయ్యెను. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున ‘భక్త ప్రహ్లాద’ విడుదలతో తెలుగు టాకీ ఆరంభమగుటచే పాటల పుస్తకము, పోస్టరు, కరపత్రము అను త్రివిధ ప్రచార సామగ్రి పట్టణములకు ప్రవేశించినది.

రకములు: నాటక నోటీసులు

ఈ మండలములలో సేకర్తకు మొదట దృష్టికి వచ్చునది పద్యనాటకపు నోటీసు. గులాబి, పసుపు, ఆకుపచ్చ వర్ణముల పలుచని కాగితముపై, ఒక్కవైపు మాత్రమే అచ్చైన ఈ పత్రమున పైభాగమున దేవతాస్తుతి, తరువాత నాటకము పేరు, ప్రదర్శన స్థలము, తేది, వేళ, పాత్రధారుల జాబితా, హార్మోనిస్టు పేరు, తరగతులవారీ టిక్కెట్ల ధరలు, చివర అచ్చుకూటము పేరు వరుసగా నుండును. వాడుకలో కంట్రాక్టు నాటకములనబడు ప్రదర్శనములలో వేర్వేఱు ఊళ్ల ప్రసిద్ధ నటులను ఒక రాత్రికై కూర్చెడివారు గనుక, నటుల పేర్లే నోటీసునకు ప్రధానాకర్షణములు. ఒకే నాటకమునకు శ్రీకృష్ణ పాత్రధారులు ఇద్దఱు ముగ్గురుండుటయు సామాన్యము. బాపట్లలో 1902లో జన్మించి స్త్రీ పాత్రలకు విఖ్యాతుడై 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావు, తెనాలి రంగస్థలముతో సంబంధము గల మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు మున్నగువారి పేర్లు గల నోటీసులు నాటకచరిత్ర వ్రాయువారికి విలువైనవి. ఏలయన నటుని జీవితచరిత్రలో లేని తేదీలు, తోడి నటుల పేర్లు ఇందు దొరకును. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుఱ్ఱకథ ప్రదర్శనల కరపత్రములును ఈ వర్గములోనివే. పొన్నెకల్లునకు చెందిన షేక్ నాజర్ ఈ కళకు ప్రసిద్ధుడు.

రకములు: చలనచిత్ర సామగ్రి

పాటల పుస్తకము సాధారణముగా నాలుగు మొదలు పదునాఱు పుటల వఱకు నుండును. ముఖపత్రముపై చిత్రపు పేరు, నాయికా నాయకుల బొమ్మలు, లోపల నటవర్గము, సాంకేతిక నిపుణులు, కథాసంగ్రహము, పాటలు, వెనుక రాబోవు చిత్రపు ప్రకటన ఉండుట రూఢి. కథాసంగ్రహమును కీలకమైన మలుపు దగ్గఱ ఆపి, శేషమును వెండితెరపై చూడుమని పాఠకుని కోరుట దాని ప్రత్యేక లక్షణము. సినిమాహాలు ప్రాంగణమునందును, బస్సుస్టాండులలోను ఇవి అణాలకు, పిదప పైసలకు అమ్ముడుపోయెడివి. పాట రికార్డుపై లేని చరణములు, చిత్రమునుండి తొలగింపబడిన పాటలు ఇందు కానవచ్చుటచే సాహిత్య పరిశోధకులు వీనిని ఆశ్రయింతురు. బాపట్ల సమీపమున అప్పికట్లలో 1905లో జన్మించిన కొసరాజు రాఘవయ్య చౌదరి జానపద ఫణితి పాటలును, తెనాలి వాడైన చక్రపాణి, బి. నాగిరెడ్డిలు నిర్వహించిన విజయా సంస్థ చిత్రముల పాటల పుస్తకములును స్థానిక సేకర్తలకు మిక్కిలి ప్రీతిపాత్రములు. 1957 నాటి ‘మాయాబజార్’ వానిలో ప్రధానమైనది.

వాల్ పోస్టర్లు మద్రాసు, శివకాశి ముద్రణాలయములలో అచ్చయి వచ్చెడివి. గోడకు మైదాపిండి జిగురుతో అంటింపబడుటచే అతికించిన పోస్టరు దక్కదు. నేడు లభించునవి పంపిణీదారుల గదులలో అంటింపక మిగిలినవి. చిత్రకారుడు బాపు అక్షరములు, రేఖలు, పిదప ఈశ్వర్ రూపకల్పనలు తెలుగు పోస్టరునకు ఒక స్వరూపమునిచ్చినవి. హాలులో గాజుపెట్టెలలో పెట్టు ఛాయాచిత్రములు, ప్రదర్శన స్లైడులు, టిక్కెట్లు, జట్కాబండిపై మైకుతో తిరుగుచు పంచిన కరపత్రములు కూడ ఈ వర్గమున చేరును.

రకములు: ప్రత్తి, మిర్చి, పొగాకు వర్తకపు పత్రములు

ఈ మండలములకు ప్రత్యేకతను సమకూర్చునది వ్యవసాయ వర్తకము. ఆసియాలోని పెద్ద మిర్చి విపణులలో నొకటియైన గుంటూరు మిర్చి యార్డునకు సంబంధించిన కాటా చీటీలు, కమీషను వ్యాపారులు రైతునకిచ్చు పట్టీలు, టిక్కీలపై (మిర్చి బస్తాలపై) వేయు మార్కు ముద్రలు, శీతల గిడ్డంగులవారు నిలువ సరకునకిచ్చు బాండ్లు, పొడి మిర్చి పొట్లముల కవర్లు పెద్ద సమూహముగా నున్నవి. ప్రత్తి విషయమున జిన్నింగు మిల్లుల బేళ్ల గుర్తులు, మిల్లు బిల్లులు, రవాణా రసీదులు, విత్తనముల సంచులు, విత్తన సంస్థల రంగుల పోస్టర్లు ముఖ్యములు. మాంచెస్టరు మిల్లులు భారతదేశమునకు పంపిన బట్టల తానులపై అంటించిన బహువర్ణ టిక్కెట్లు ఈ పంటకు రెండవ చివరనున్న పత్రములు: ఇక్కడి దూది బేలు పోయినది, అక్కడి బట్ట తాను దేవతాచిత్రముతో మరలి వచ్చినది.

1970ల నుండి సంకర ప్రత్తి వంగడములు, 1980లలో తెల్లదోమ చీడతో పెరిగిన పురుగుమందుల వాడకము, 2002లో అనుమతి పొందిన బి.టి. ప్రత్తి అను మూడు దశలను విత్తన సంచులు, మందుల కరపత్రములు క్రమముగా చూపును. లాం వ్యవసాయ పరిశోధనా స్థానము సలహా పత్రములు వీనికి ప్రక్కన నుంచి చదువదగినవి. ఒకటి వ్యాపారి మాటను, రెండవది శాస్త్రజ్ఞుని మాటను తెలుపును.

పొగాకునకు చీరాలయందు ఐ.ఎల్.టి.డి. సంస్థ, 1976లో గుంటూరు కేంద్రముగా ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కేంద్రములు. పొగాకు బారనుల (ఆకును పదును చేయు కొట్టముల) అనుమతి పత్రములు, వేలపు చీటీలు, చుట్టల కట్టల లేబుళ్లు, సిగరెట్టు పెట్టెలు, వానిలో పూర్వము ఉంచెడి చిత్రపు కార్డులు ఈ వర్గమునకు చెందును. మంగళగిరి, చీరాల చేనేత వస్త్రముల లేబుళ్లు, మార్కాపురము పలకల పెట్టెలపై అంటించిన కాగితములు తరువాతి స్థానమున నిలుచును.

రకములు: రాజకీయ, సాంఘిక పత్రములు

జాతీయోద్యమ కాలపు పాటల కరపత్రములను ప్రభుత్వము నిషేధించుచుండెను. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ వానిలో ప్రసిద్ధము. నిషిద్ధ ప్రచురణల ప్రతులు లండనునందలి బ్రిటిష్ లైబ్రరీలో దక్కియుండుట గమనింపదగినది: ప్రజల యిండ్లలో నశించిన పత్రము నిషేధించిన ప్రభుత్వపు దస్త్రములలో నిలిచినది. ఎన్.జి. రంగా నడిపిన నిడుబ్రోలు రైతాంగ విద్యాలయమునకు, రైతు సంఘములకు సంబంధించిన కరపత్రములు, 1952 మొదలు జరిగిన సార్వత్రిక ఎన్నికల పోస్టర్లు, ఓటరు చీటీలు, పార్టీ గుర్తుల బొమ్మలు ఈ వర్గమునవి. తెనాలియందు నివసించిన త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగు మాటలతో వివాహవిధిని కూర్చినందున, ఆ పద్ధతి ననుసరించిన పెండ్లిండ్ల ఆహ్వానపత్రములు సంఘసంస్కరణ చరిత్రకు ఆధారములగుచున్నవి. పసుపు రాచిన అంచులతో వచ్చు సామాన్య శుభలేఖలు సైతము గోత్రము, బంధుత్వము, కట్నకానుకల నిరాకరణ వాక్యములు, విందు వేళలు తెలుపును.

రకములు: కార్డులు, క్యాలెండర్లు, ఉత్సవ పత్రములు

ప్రపంచమున తొలి తపాలా కార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా–హంగేరీలో, భారతదేశమున 1879 జూలై 1న కాలణా వెలతో వెలువడినది. 2002లో వ్యాపార ప్రకటనతో కూడి తక్కువ వెలకు వచ్చిన ‘మేఘదూత్’ కార్డు ఇటీవలి రకము. అమరావతి శిల్పముల చిత్రకార్డులు, నాగార్జునకొండ చిత్రకార్డులు, గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి మున్నగు మిషను సంస్థల చిత్రములు గల కార్డులు స్థానిక విషయమును గలవి. 2006 జనవరిలో అమరావతియందు దలైలామా నిర్వహించిన కాలచక్ర మహోత్సవమునకు వచ్చిన యాత్రికులకై అచ్చైన సమాచార పత్రములు కొత్త కాలపు చేర్పు.

గోడ క్యాలెండర్ల దేవతాచిత్ర సంప్రదాయమునకు రాజా రవివర్మ 1894లో బొంబాయియందు స్థాపించిన శిలాముద్రణాలయము మూలము. కిరాణా దుకాణములు, మిల్లులు, ఎరువుల కొట్లు తమ పేరుతో సంవత్సరాదికి పంచిన క్యాలెండర్లు శివకాశిలో అచ్చైనవే యెక్కువ. కోటప్పకొండ తిరునాళ్లలో విక్రయించు స్థలపురాణపు పొత్తములు, భజన పాటల పుస్తకములు, ప్రభల ఊరేగింపు కరపత్రములు ఉత్సవ వర్గమునకు చెందును.

రకములు: కళాప్రదర్శన సూచికలు

చిత్రకళా ప్రదర్శనల సూచిక చిత్రముల వరుససంఖ్య, పేరు, మాధ్యమము, పరిమాణము, కొన్నిట వెల తెలుపు జాబితా. ఈ మండలములలో కళాశాలలు, గ్రంథాలయములు, పురమందిరములలో జరుగు ప్రదర్శనలకు ఒక్క మడత పత్రమే సూచికగా నుండుట వాడుక. పెద్ద కేటలాగులు హైదరాబాదు, చెన్నై గ్యాలరీలనుండి వచ్చును. చిత్రము ఎవరి యింటికో పోయి కనబడకున్నను, దాని ఉనికికిని తేదీకిని ఈ పత్రమే ప్రమాణము. ఆహ్వానపు కార్డును సూచికతో కలిపి యుంచుట శ్రేయస్కరము. (చూడుడు: చరిత్ర: ప్రపంచమున సేకరణోద్యమము)

ముద్రణ విధానములు, పరిమాణములు

1970ల వఱకు పట్టణపు చిన్న అచ్చుకూటములలో సీసపు అక్షరములను చేత కూర్చి ట్రెడిలు యంత్రముపై అచ్చువేయుట సామాన్యము. ఈ పద్ధతిలో అక్షరము కాగితమున కొంచెము దిగబడి, వెనుకవైపు తాకిన చేతికి తెలియును. బొమ్మకు లోహపు బ్లాకు వాడుదురు. ఛాయాచిత్రము చుక్కలుగా కనబడును. శిలాముద్రణమున వర్ణములు పొరలు పొరలుగా, రవ్వ గల మెత్తదనముతో నుండును. ఆఫ్‌సెట్ ముద్రణమున నాలుగు రంగుల చుక్కలు క్రమమైన గూడులుగా నేర్పడును. పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దము ఈ భేదమును నిర్ణయించుటకు చాలును.

పరిమాణములు కాగితపు తావు కొలతలను బట్టి ఏర్పడును. క్రౌను తావు 15×20 అంగుళములు, డబుల్ క్రౌను 20×30 అంగుళములు, డెమ్మీ 17½×22½ అంగుళములు. క్రౌను తావును ఎనిమిది భాగములు చేయగా వచ్చు పుట పాటల పుస్తకములకు అనుకూలమైనది. పెద్ద పోస్టర్లు రెండు, ఆఱు తావులను కలిపి అంటించునవి.

కాలనిర్ణయము

తాత్కాలిక ముద్రితములపై దినము, నెల ఉండి సంవత్సరము లేకుండుట మిక్కిలి తఱచు. రేపటి నాటకమునకు సంవత్సరము చెప్ప నవసరము లేదు గదా. అందుచే క్రింది ఆధారములను కలిపి చూడవలెను.

నాణెములు: 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. టిక్కెట్టు ధర అణాలలోనున్నచో పత్రము అంతకు పూర్వమో, మార్పు తొలి దినములదో యగును. ‘నయాపైసలు’ అనుమాట 1957–1964 మధ్యకాలమును సూచించును. 1964 జూన్ 1 నుండి ‘నయా’ తొలగినది.

తూనికలు: మణుగులు, వీసెలు తొలి కాలమును, కిలోలు, క్వింటాళ్లు 1956 నాటి చట్టము ననుసరించి మెట్రిక్ పద్ధతి అమలైన కాలమును తెలుపును.

పాలనా విభాగములు: గుంటూరును కృష్ణా మండలములో చూపిన పత్రము 1904కు ముందుది. ఒంగోలు గుంటూరు జిల్లాలోనిదని యున్నచో 1970కి ముందు. ఒంగోలు జిల్లా అని యున్నచో 1970–72. ప్రకాశం జిల్లా అని యున్నచో తరువాత. చీరాల, వేటపాలెములను బాపట్ల జిల్లాగా చూపినది 2022 ఏప్రిల్ 4 తరువాతిది. రాష్ట్రనామము (మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్) కూడ ఇట్లే 1953, 1956 సంవత్సరములను హద్దులుగా చూపును.

తపాలా సంకేతము: ఆఱంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది.

లిపి: అరసున్న, శకటరేఫము, తెలుగు అంకెలు విరివిగా నుండుట పాతదనమునకు సూచన, అయినను కొన్ని అచ్చుకూటములు పాత అచ్చులనే చిరకాలము వాడినవి గనుక ఇది యొక్కటియే నిర్ణాయకము కాదు.

వారము, తిథి: తేదీతో వారమో తిథియో పేర్కొనియున్నచో పంచాంగముతో సరిచూచి సంవత్సరమును రాబట్టవచ్చును. నాటకములు ఎక్కువగా పండుగ దినములలో జరుగుటచే ఈ పద్ధతి ఇక్కడ విశేషముగా ఫలించును.

సేకరణ పద్ధతులు

పాత కాగితముల కొట్లు, పాతపుస్తకముల అంగళ్లు, మూతపడిన అచ్చుకూటములు, పాత సినిమాహాళ్ల గదులు, పెద్దల పెట్టెలు, దుకాణపు చిట్టా పుస్తకముల నడుమ పుటలు ప్రధాన లభ్యస్థానములు. అచ్చుకూటముల మచ్చు ప్రతుల కట్టలు మిక్కిలి విలువైనవి. ఒకే చోట అనేక సంవత్సరముల పని వరుసగా దొరకును. ఇంటి అల్మరలలో పరచిన కాగితము, పుస్తకములకు వేసిన అట్ట సైతము పరిశీలింపదగినవి.

సంచయమును విషయమును బట్టియో, ఊరిని బట్టియో, అచ్చుకూటమును బట్టియో, రూపమును బట్టియో అమర్చుదురు. రూపమును బట్టి అమర్చుట చూపునకు సులభము. ఊరిని బట్టి అమర్చుట చరిత్రకు ఉపయుక్తము. ఏ పద్ధతి గైకొన్నను ప్రతి పత్రమునకు వరుస సంఖ్య, శీర్షిక, రకము, కొలతలు, ముద్రణ పద్ధతి, అచ్చుకూటము, తేది లేక ఊహించిన కాలము, ఆ ఊహకు ఆధారము, లభించిన చోటు, ఇచ్చినవారి సంబంధము, ప్రస్తుత స్థితి అనునవి పట్టికలో వ్రాయవలెను. పెట్టెలోని పత్రములను విడదీయుటకు ముందు వాని వరుసను ఛాయాచిత్రము తీసికొనుట మంచి ఆచారము: పత్తి మిల్లు బిల్లుతో కలిసి దొరికిన నాటకపు నోటీసు, ఆ నాటకమునకు చందా యిచ్చిన వ్యాపారిని సూచింపవచ్చును.

సంరక్షణము

చవుక కాగితమున కలపగుజ్జులోని లిగ్నిన్ అను పదార్థము వెలుతురు, గాలి సోకి ఆమ్లమై కాగితమును పసుపుపచ్చగాను పెళుసుగాను చేయును. దీనికి తోడు ఈ మైదానమున వేసవి వేడిమి, బాపట్ల, చీరాల తీరమున తేమ, తుపానులు, చెదలు, రామబాణపు పురుగు, బొద్దింక నాశహేతువులు. 1977 నవంబరు తుపాను రేపల్లె, బాపట్ల ప్రాంతముల నివాసములను ముంచెత్తినప్పుడు గృహములలోని కాగితములును పోయినవి.

ఆమ్లరహిత కాగితపు మడతలలోనో, పాలియెస్టరు తొడుగులలోనో ప్రతి పత్రమును విడిగా పరచి యుంచవలెను, పి.వి.సి. తొడుగులు సిరాను అంటుకొనునవి గనుక పనికిరావు. స్టేపిలు పిన్నులు తుప్పు పట్టకముందే తీసివేయవలెను. సెల్లోఫేను టేపు వాడరాదు. చినుగుపట్లను గోధుమపిండి జిగురుతో, పలుచని జపాను కాగితముతో అతుకవలెను. 45–55 శాతము సాపేక్ష తేమ, 18–22 సెంటీగ్రేడు డిగ్రీల ఉష్ణత గ్రంథాలయములకు ఆదర్శము. ఇండ్లలో నిలకడగా చల్లని లోపలి గది, నేలకు ఎడముగా నుంచిన ఇనుప అల్మర చాలవఱకు మేలు చేయును. ప్రదర్శనమున వెలుతురు 50 లక్సులకు మించరాదు. పత్రమును అంగుళమునకు 400–600 బిందువుల సాంద్రతతో స్కాను చేసి, నకలును వేఱుచోట దాచుట మూలమును తఱచు ముట్టకుండుటకు తోడ్పడును.

సంస్థలు

1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను, గ్రంథములను కాపాడిన గ్రంథాలయములలో అగ్రగణ్యము. 1929లో గాంధీజీ దర్శించిన స్మృతిగా ఆయన చేతికఱ్ఱ అక్కడ నున్నది. గుంటూరునందలి అన్నమయ్య గ్రంథాలయము లంకా సూర్యనారాయణ వ్యక్తిగత సేకరణమునుండి ఉదయించినది. ఒక్కని పట్టుదల ప్రజాసంస్థగా మారుటకు ఇది నిదర్శనము. హైదరాబాదునందలి సుందరయ్య విజ్ఞానకేంద్రము, పాత పత్రికలను అంతర్జాలమున నుంచిన ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ, 1964లో పూనాయందు స్థాపితమైన జాతీయ చలనచిత్ర భాండాగారము ఉపయోగపడు ఇతర సంస్థలు. పొరుగునున్న చెన్నైలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయము, ఒక తమిళ సేకర్త కూడబెట్టిన పుస్తకములు, నాటక నోటీసులు, ఆహ్వానపత్రములు ఆయన అనంతరము 1994లో సంస్థారూపము తాల్చినందున ఏర్పడినది. తాత్కాలిక పత్రములను గ్రంథములతో సమానముగా పట్టికలో చేర్చిన పద్ధతికి అది అనుసరణీయము.

చట్టములు

1867 నాటి ముద్రణాలయములు, గ్రంథముల నమోదు చట్టము అచ్చైన కాగితముపై ముద్రాపకుని పేరు, చోటు వేయవలెనని విధించినది. నోటీసు అడుగున కనబడు చిన్న పంక్తి దీని ఫలము. ఆ చట్టము స్థానమున 2023 నాటి కొత్త చట్టము 2024 మార్చి 1న అమలులోనికి వచ్చినది. ఎన్నికల పత్రములకు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 127-ఎ సెక్షను ముద్రాపకుని, ప్రకాశకుని పేర్లు, చిరునామాలు కోరును. 1972 నాటి పురావస్తు చట్టము 75 ఏండ్లు దాటిన, చారిత్రకాది విలువ గల పత్రములను పురావస్తువులలో చేర్చినందున వానిని విదేశములకు పంపుట నిషిద్ధము. పత్రము స్వంతమైనంతమాత్రమున దానిలోని చిత్రమును, పాటను పునర్ముద్రించు హక్కు రాదు. రచయిత మరణానంతరము 60 ఏండ్లు ఆ హక్కు వారసులకుండును. శుభలేఖలు, వైద్యపత్రములు, అప్పుపత్రములయందు జీవించియున్న వ్యక్తుల వివరములుండుటచే వెల్లడించుటలో సంయమము అవసరము.

ప్రాముఖ్యము, పరిమితులు

రాజకీయ చరిత్ర గ్రంథములందు కనబడని విషయములు, అనగా సామాన్యుడు ఏ తరగతి టిక్కెట్టు కొనెను, ఏ ఊరి నటుడు ఏ ఊరికి పోయెను, మిర్చికి తూనికలో ఎంత తరుగు తీసిరి, ఏ పురుగుమందును ఏ మాటలతో అమ్మిరి, స్త్రీల పేర్లు ఆహ్వానపత్రములలో ఎప్పుడు చేరెను అనునవి ఈ పత్రములవలన తెలియును. భాషాశాస్త్రమునకు వాడుకమాటలు, ముద్రణకళకు అక్షరరూపములు, అర్థశాస్త్రమునకు ధరలు, కళాచరిత్రకు ప్రజాభిరుచి ఇందు సాక్షాత్తుగా లభించును.

పరిమితులును గలవు. నోటీసు ప్రకటించిన నాటకము జరిగినదనుటకు నోటీసు ప్రమాణము కాదు, వర్షమువలన ఆగియుండవచ్చును. ప్రకటన గొప్పలు చెప్పును. కరపత్రము ఒక పక్షమునే చెప్పును. మిగిలిన పత్రములు పట్టణములవి, అక్షరాస్యులవి, ధనికుల యిండ్లవి ఎక్కువగుటచే కూలీల, దళితుల, స్త్రీల జీవితము తక్కువగా ప్రతిబింబించును. కావున దినపత్రికలు, దస్త్రములు, వృద్ధుల జ్ఞాపకములతో సరిచూచుట ఆవశ్యకము. వెల పెరిగిన కొలది నకలు పోస్టర్లు వచ్చుచుండుటయు గమనింపవలెను. పాత పోస్టరును ఆఫ్‌సెట్ చుక్కలతో మరల అచ్చువేసినది భూతద్దమునకు దొరకిపోవును. (చూడుడు: ముద్రణ విధానములు, పరిమాణములు)

ప్రస్తుత స్థితి

సీసపు అక్షరములు కరగింపబడినవి. ట్రెడిలు యంత్రములు పాత ఇనుముగా అమ్ముడైనవి. పోస్టరు స్థానమున ఫ్లెక్సీ, శుభలేఖ స్థానమున చరవాణి సందేశము, పాటల పుస్తకము స్థానమున తెరపై అక్షరములు వచ్చినవి. ఫ్లెక్సీ అతి పెద్దది, విరిగిపోవు ప్లాస్టికుది గనుక దానిని ఛాయాచిత్రముగా భద్రపరచుట ఒక్కటే మార్గము. అంకాత్మక (డిజిటల్) ఆహ్వానములను వచ్చిన తేదీతో, పంపినవారి సంబంధముతో ప్రత్యేక దస్త్రములుగా నిలుపవలెను. కాగితపు యుగమునకు చెందిన అచ్చుకూటపు పనివారు, పోస్టర్లు అంటించినవారు, నాటక కంట్రాక్టర్లు వృద్ధులగుచున్నందున, వారివద్ద మిగిలిన పత్రములతో పాటు వాని వెనుకనున్న వృత్తాంతమును వారి మాటలలోనే నమోదు చేయుట ఈ మండలముల సేకర్తల ముందున్న ప్రథమ కర్తవ్యము.